టవర్ క్రేన్ ఎంపిక: హ్యామర్‌హెడ్, ఫ్లాట్‌టాప్, లఫింగ్‌లలో మీ సైటుకు ఏది?

హైదరాబాద్ పడమటి అంచున కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ దారిలో ఇప్పుడు తలెత్తితే భవనాల కంటే ముందు క్రేన్లే కంటపడతాయి. దూరం నుంచి అన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి. కాస్త ఆగి చూస్తే తేడాలు తెలుస్తాయి. కొన్నింటి నడినెత్తిన కోణాకారపు ఇనుప శిఖరం ఉంటుంది. ముందున్న పొడవాటి చేతిని, వెనకున్న పొట్టి చేతిని పట్టి ఉంచే కడ్డీలు అక్కడి నుంచి దిగుతాయి. వీటిని హ్యామర్‌హెడ్ క్రేన్లంటారు. కొన్నింటికి ఆ శిఖరమే ఉండదు, చేయి నేరుగా నిలువు స్తంభం (మాస్ట్) తల మీదే అడ్డంగా కూర్చుంటుంది. అవి ఫ్లాట్‌టాప్‌లు. ఇంకొన్నింటి చేయి ఏటవాలుగా ఆకాశంలోకి లేచి ఉంటుంది, బరువును దగ్గరకు లాగాలంటే చేయి మొత్తం పైకి లేస్తుంది. అవి లఫింగ్ జిబ్ క్రేన్లు.

అద్దెకు తీసుకునేటప్పుడైనా, కొనేటప్పుడైనా మన బిల్డర్లు ముందు అడిగేది ‘ఎన్ని టన్నులు ఎత్తుతుంది?’ అనే. అడగాల్సిందే కానీ దానితో మొదలుపెట్టకూడదు. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. పని ఆపి ఆపరేటర్ దిగిపోయిన రాత్రి గాలి తిరిగితే ఆ చేయి ఎటు తిరుగుతుంది, దానికి అడ్డం ఏముంది? పనంతా అయ్యాక, పక్కన నలభై అంతస్తుల భవనం నిలబడి ఉండగా, ఆ క్రేన్‌ను ఎలా దించుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే మూడు ఆకారాల్లో రెండు వాటంతటవే తప్పుకుంటాయి. ఆ తర్వాత టన్నులు చూసుకోవచ్చు. అయితే టన్నుల లెక్క చిన్నదే కాబట్టి ముందుగా దాన్ని ముగించేస్తాను.

బరువు లెక్క

క్రేన్ శక్తిని టన్నుల్లో కాదు, టన్ను-మీటర్లలో కొలుస్తారు. బరువును అది మాస్ట్ నుంచి ఎంత దూరంలో ఉందో దానితో హెచ్చవేస్తే వచ్చే అంకె అది. పన్నెండు టన్నుల క్రేన్ అంటే మాస్ట్‌కు దగ్గరగా పన్నెండు టన్నులు ఎత్తుతుందని అర్థం. చేయి చివర అదే క్రేన్ రెండు టన్నుల దగ్గర ఆగిపోవచ్చు.

మోడల్ పేర్లలోనే ఈ సంగతి దాగి ఉంటుంది. లీబెర్ కంపెనీ 280 ఈసీ-హెచ్ 12 అని రాస్తే 280 టన్ను-మీటర్ల తరగతి, గరిష్ఠంగా 12 టన్నులు అని. చైనా కంపెనీల పద్ధతి వేరు. టీసీ 6013 అంటే 60 మీటర్ల చేయి, దాని మొనన 1.3 టన్నులు. అయితే యాంగ్‌ట్సీ నది మీది చాంగ్‌తాయ్ వంతెన కోసం చైనా కంపెనీ జూమ్‌లయన్ తయారుచేసిన డబ్ల్యు 12000-450 పేరులో లీబెర్ తీరే కనిపిస్తుంది: 12,000 టన్ను-మీటర్ల శక్తి, 450 టన్నుల గరిష్ఠ బరువు. పేరు చదవడం వస్తే అద్దె ఏజెంటు చెప్పే మాటల్లో సగం అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు సైటులో నిజంగా లేచే బరువులు చూద్దాం. ఒక ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2.4 టన్నులు. బకెట్ బరువు మరో మూడు వందల కిలోలు వేసుకుంటే 2.7 టన్నులు. అంటే టీసీ 6013 ఆ బకెట్‌ను చేయి మొన దాకా పంపలేదు, లోపలి వైపు ఎక్కడో ఆపేస్తుంది. ఎక్కడ ఆపుతుందో లోడ్ చార్టు, అంటే ఏ దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చూపే పట్టిక, చెబుతుంది. ఇనుము లెక్క ప్రతి సైటు ఇంజనీరుకూ నోటికి వచ్చిందే: వ్యాసం వర్గాన్ని 162తో భాగించాలి. 16 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 1.58 కిలోలు, 12 మీటర్ల చువ్వ 19 కిలోలు, వంద చువ్వల కట్ట 1.9 టన్నులు. 25 మిల్లీమీటర్లవైతే యాభై చువ్వలకే 2.3 టన్నులు దాటుతుంది. ఇవి కట్ట విప్పి సగం సగం ఎత్తగలిగినవి. ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ గోడను అలా సగం చేయలేం. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 150 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక లోపలి ఇనుముతో కలిపి 6.75 టన్నులు తూగుతుంది. దాన్ని 40 మీటర్ల దూరంలో పెట్టాలంటే 270 టన్ను-మీటర్లు కావాలి. కొక్కెం, స్లింగులు, లిఫ్టింగ్ బీము బరువు దీనికి అదనం.

హైదరాబాద్‌లో ఎత్తైన నివాస భవనాల్లో చాలా భాగం ఇప్పుడు అల్యూమినియం షట్టరింగ్‌తో, అంటే మన వాళ్లు మైవాన్ అనే పద్ధతిలో కడుతున్నారు. ఆ పలకలు మనిషి మోయగల బరువే. స్లాబులో వదిలిన కంతల గుండా కింది అంతస్తు నుంచి పైకి చేతులతోనే అందిస్తారు. కాంక్రీటు పంపులో వెళ్లిపోతుంది. క్రేన్‌కు మిగిలేది ఇనుము, పైపులు, కొన్ని సామాన్ల బుట్టలు. అలాంటి భవనానికి ప్రీకాస్ట్ స్థాయి క్రేన్ తెచ్చి నెల నెలా అద్దె కట్టడం డబ్బు పారబోయడమే. అమరావతి సచివాలయ టవర్లలాగా డయాగ్రిడ్ (ఏటవాలు దూలాల అల్లిక) ఉక్కు చట్రం అయితే కథ తిరగబడుతుంది. అక్కడ ఒక్కో ఉక్కు ముక్క బరువే క్రేన్ తరగతిని నిర్ణయిస్తుంది, ముక్కను ఎక్కడ కోసి తేవాలో ఉక్కు డిజైనరు, క్రేన్ ప్లానరు కలిసి కూర్చుని తేల్చుకోవాలి.

లోడ్ చార్టు చూసేటప్పుడు ఒక చిన్న విషయం మరవకండి. అందులో రెండు వరుసలు ఉంటాయి, తాడు రెండు పేటలుగా వేలాడితే ఒకటి, నాలుగు పేటలుగా వేలాడితే ఇంకొకటి. నాలుగు పేటల్లో గరిష్ఠ బరువు రెట్టింపవుతుంది, వేగం సగానికి పడుతుంది, కొక్కెం బరువు పెరగడం వల్ల మొన దగ్గర ఎత్తగలిగేది కొంచెం తగ్గుతుంది. ఏజెంటు గరిష్ఠ బరువును నాలుగు పేటల వరుస నుంచి, వేగాన్ని రెండు పేటల వరుస నుంచి చెప్పే అవకాశం ఉంది. రెండూ ఒకే వరుస నుంచి చెప్పమనండి.

శిఖరం ఉన్నది, లేనిది

హ్యామర్‌హెడ్‌లో చేతిని పైనుంచి కడ్డీలు పట్టుకుని ఉంటాయి కాబట్టి చేయి తేలికగా ఉండి కూడా దూరం వెళ్తుంది. చాలా పొడవు, చాలా బరువు కలిసి కావాలంటే ఈ ఆకారం ఇప్పటికీ బలంగా నిలుస్తుంది. డెన్మార్క్ కంపెనీ క్రోల్ తయారుచేసిన కె-10000 మాస్ట్ నుంచి 82 మీటర్ల దూరంలో 120 టన్నులు ఎత్తగలదు.

దీని కష్టమంతా నిలబెట్టే రోజున ఉంటుంది. చేతిని సాధారణంగా నేల మీదే పూర్తిగా కలిపి, కడ్డీలు తగిలించి, మొత్తాన్ని ఒకే ముక్కగా ఎత్తాలి. అరవై మీటర్ల చేయి అంటే సైటులో అరవై మీటర్ల ఖాళీ నేల కావాలి, అంత బరువును శిఖరం దాకా ఎత్తే పెద్ద మొబైల్ క్రేన్ కావాలి, అది నిలబడే గట్టి చోటు కావాలి. సెల్లారు తవ్వేసి, హద్దు గోడ దాకా గొయ్యి ఉన్న సైటులో ఈ మూడూ దొరకడం కష్టం.

ఫ్లాట్‌టాప్‌లో చేయి దూలంలాగా తన బలం మీదే నిలబడుతుంది. అందువల్ల మాస్ట్‌కు దగ్గరి ముక్కలు లావుగా, బరువుగా ఉంటాయి. కానీ ముక్క ముక్కగా గాలిలోనే కలుపుకుంటూ పోవచ్చు. ఇరుకు సైటులో ఇది పెద్ద సౌకర్యం. శిఖరం లేనందున మొబైల్ క్రేన్ కూడా అంత ఎత్తుకు చేరనక్కరలేదు.

అసలు లాభం మాత్రం ఒకటి కంటే ఎక్కువ క్రేన్లు ఉన్న సైటులో కనిపిస్తుంది. ఒక క్రేన్ చేయి పక్క క్రేన్ మీదుగా తిరగాల్సి వస్తే, పై క్రేన్ అడుగుభాగానికి, కింది క్రేన్ నడినెత్తికి మధ్య కనీసం రెండు మీటర్ల ఖాళీ ఉంచాలి. కిందిది హ్యామర్‌హెడ్ అయితే ఆ నడినెత్తి దాని చేతి కంటే ఏడు నుంచి పది మీటర్ల పైన ఉంటుంది. నాలుగు క్రేన్ల గేటెడ్ కమ్యూనిటీలో ఒకదాని మీదుగా ఒకటి తిరిగేలా మెట్లు పెట్టాలంటే, మెట్టుకు ఎనిమిది మీటర్ల చొప్పున మూడు మెట్లకు 24 మీటర్ల అదనపు మాస్ట్ అవుతుంది. మూడు మీటర్ల సెక్షన్లయితే ఎనిమిది. పై క్రేన్‌కు భవనం అవసరం కోసం కాక, కేవలం పక్క క్రేన్ శిఖరం దాటడం కోసం ఇన్ని సెక్షన్లు, వాటికి తగ్గ టైలు (మాస్ట్‌ను భవనానికి కట్టే ఆధారాలు), పెద్ద పునాది. ఫ్లాట్‌టాప్ అద్దె కొంచెం ఎక్కువైనా ఇలాంటి సైటులో మొత్తం మీద చౌకగా తేలుతుంది. నాలుగు క్రేన్ల సైటుకు నేను ఇంకో మాట లేకుండా ఫ్లాట్‌టాపే చెబుతాను. అయితే ఏ ఆకారమైనా పై క్రేన్ తాడు, కొక్కెం కింది క్రేన్ చేతి దారిలోకి దిగుతూనే ఉంటాయి. ఢీకొనకుండా ఆపే పరికరాలు, సిగ్నల్‌మన్‌ల మధ్య ఒకే భాష, ఒకే వాకీటాకీ చానెల్ తప్పనిసరి.

విమానాశ్రయానికి దగ్గరి సైట్లలోనూ ఫ్లాట్‌టాప్‌కే మొగ్గు. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి. భవనానికి ఎత్తు అనుమతి వచ్చిందని క్రేన్‌కు వచ్చినట్టు కాదు. క్రేన్ భవనం కంటే ఎత్తుగానే నిలబడుతుంది. ఆ ఎత్తును కూడా దరఖాస్తులో మొదటే చూపించాలి.

పాత క్రేన్ చూడటానికి వెళ్లినప్పుడు ఈ రెండింటినీ ఒకే కన్నుతో చూడకూడదు. ఫ్లాట్‌టాప్ చేతిలో పై కమ్మీ ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది, లాగుడు అన్నిటికంటే ఎక్కువ మాస్ట్ దగ్గర. కాబట్టి అక్కడి జాయింట్ల చెవులు, పిన్ను రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయేమో చూడండి. వెల్డింగ్ అంచున రంగు పగిలి సన్నని తుప్పు గీత కనిపిస్తే ఆ ముక్కను పక్కన పెట్టించండి. హ్యామర్‌హెడ్‌లో ట్రాలీ, అంటే చేయి వెంట బరువును జరిపే బండి, కడ్డీ పట్టిన చోటును దాటి ముందుకూ వెనక్కూ తిరిగినప్పుడల్లా చేతి కమ్మీల్లో లాగుడు నొక్కుడుగా, నొక్కుడు లాగుడుగా మారుతుంది. అక్కడ కడ్డీల పిన్నులు, శిఖరం మీది చెవులు, కడ్డీ పట్టిన చోటి వెల్డింగ్‌లు చూడాలి. పైన కొత్త రంగు వేసి ఉంటే మెచ్చుకోకండి, దాని కింద ఏముందో అడగండి.

లఫింగ్: ఖరీదైనది, కొన్నిచోట్ల తప్పనిది

లండన్, హాంకాంగ్, సిడ్నీ లాంటి నగరాల్లో లఫింగ్ క్రేన్లు విరివిగా కనిపించడానికి ముఖ్య కారణం స్థలం, దాని మీది హక్కు. పొరుగువారి స్థలం మీదుగా క్రేన్ చేయి తిరగాలంటే ఇంగ్లండ్‌లో వారి అనుమతి కావాలి. చేయి పైకి లేపేస్తే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. వెనుక చేయి కూడా పొట్టిది. హ్యామర్‌హెడ్‌లో అది పదిహేను, ఇరవై మీటర్లు వెనక్కి పొడుచుకువస్తే లఫింగ్‌లో సగం కంటే తక్కువలో ముగుస్తుంది.

మన దగ్గర అలాంటి వ్యాజ్యాలు అరుదు, కానీ అవసరం ఉంది. మాదాపూర్‌లోనో, విజయవాడ బందరు రోడ్డులోనో మూడు వైపులా భవనాలు, నాలుగో వైపు హైటెన్షన్ తీగలు లేదా మెట్రో లైను ఉన్న సైటు ఊహించండి. అక్కడ అడ్డం చేయి ఉన్న క్రేన్ సగం వృత్తమే తిరగగలదు. పగలు లిమిట్ స్విచ్‌లు పెట్టి ఆపవచ్చు. రాత్రి మాత్రం చేయి స్వేచ్ఛగా తిరగాల్సిందే, ఎందుకో గాలి దగ్గర చెబుతాను. అడ్డం ఉన్నది భవనమైతే దాన్ని దాటేంత ఎత్తుకు మాస్ట్ పెంచాలి, లేదా లఫింగ్‌కు వెళ్లాలి.

ఎత్తు విషయంలో లఫింగ్‌కు రెండో ముఖం కూడా ఉంది. యాభై మీటర్ల చేతిని 75 డిగ్రీలకు లేపితే దాని మొన కీలు కంటే 48 మీటర్ల పైకి వెళ్తుంది. విమానాశ్రయపు పరిధిలో ఫ్లాట్‌టాప్‌తో సరిపోయే అనుమతి దీనికి సరిపోదు. ఇరుకు సైటు, ఎత్తు పరిమితి రెండూ కలిసి వస్తే క్రేన్ బొమ్మ గీసి, రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం తప్ప అడ్డదారి లేదు.

దీనికి ఖర్చు ఎందుకు ఎక్కువంటే, బరువును దగ్గరకు తేవడానికి ట్రాలీని జరిపితే చాలదు, చేయి మొత్తాన్ని ఎత్తాలి. దానికి ప్రత్యేక వించి, తాడు, మోటారు, వెనక్కి పడిపోకుండా ఆపే అమరిక కావాలి. కరెంటు ఎక్కువ తాగుతుంది, ఒక్కో విడత బరువు ఎత్తి దించడానికి సమయం ఎక్కువ పడుతుంది. ట్రాలీ క్రేన్‌కు అలవాటుపడ్డ ఆపరేటర్‌ను నేరుగా దీని మీద కూర్చోబెట్టకూడదు, చేయి దిగుతున్నప్పుడు బరువు దూరం జరుగుతూ క్రేన్ మీద భారం పెరుగుతూ పోతుంది. ఇన్ని ఉన్నా బుర్జ్ ఖలీఫా లాంటి ఆకాశహర్మ్యానికి ఫావ్కో కంపెనీ లఫింగ్ క్రేన్లనే ఎంచుకున్నారు. భవనం సన్నబడుతూ వెళ్లే చోట, పక్కపక్కనే రెండు మూడు క్రేన్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా పనిచేయాల్సిన చోట ఈ ఆకారానికి సాటి లేదు. గల్ఫ్‌లో ఇలాంటి సైట్లలో పనిచేసి వచ్చిన రిగ్గర్లు కరీంనగర్, నిజామాబాద్ వైపు ఉన్నారు. మీ సైటుకు మొదటిసారి లఫింగ్ తెస్తుంటే వారిలో ఒకరిని వెతికి పెట్టుకోండి.

కింది నుంచి మొత్తంగా తిరిగే, తనంతట తానే మడత విప్పుకుని నిలబడే చిన్న క్రేన్లు కూడా ఉన్నాయి. 1949లో హాన్స్ లీబెర్ జర్మనీలో తయారుచేసిన టీకే 10 ఆ వంశానికి తొలినాటిది. యూరప్‌లో మూడు నాలుగంతస్తుల ఇళ్లకు అవి బాగా వాడతారు. మన దగ్గర ఆ స్థాయి భవనానికి బిల్డర్ హాయిస్టు, కాంక్రీటు పంపు చాలు.

ఆపరేటర్ దిగిపోయాక గాలి

పని చేస్తున్నప్పుడు సాధారణంగా గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల గాలి హద్దు. గోడ పలకలాంటి వెడల్పాటి బరువైతే అంతకంటే చాలా ముందే ఆపాలి. నిలబెట్టేటప్పుడు, ఎత్తు పెంచేటప్పుడు హద్దు ఇంకా తక్కువ, అది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

పని లేనప్పుడు క్రేన్‌ను కాపాడేది తిరుగుడు. చేతి తిరుగుడును ఆపే స్లూయింగ్ బ్రేకు వదిలేస్తే చేయి గాలివాటుకు తిరిగి, గాలికి తక్కువ ముఖం చూపుతుంది. తయారీదారు మాస్ట్ ఎత్తును లెక్కకట్టింది ఈ నమ్మకంతోనే. చేయి భవనానికి తగిలి ఆగిపోయినా, బ్రేకు వేసే ఉంచినా, కొక్కేన్ని కింద కట్టేసినా గాలి పక్కనుంచి మొత్తం చేతి మీద పడుతుంది. అందుకే రాత్రి 360 డిగ్రీలూ ఖాళీ ఉండాలి అంటున్నాను. చేతి మీదా, మాస్ట్ మీదా కంపెనీ పేరుతో పెద్ద బ్యానర్లు, ఫ్లెక్సీలు కట్టడం మన నగరాల్లో మామూలైపోయింది. తయారీదారు లెక్కలో లేని ఒక తెరచాపను క్రేన్‌కు తగిలించడమే అది. తిరుగుడు కూడా దెబ్బతింటుంది. అమ్మకాల విభాగం ఎంత అడిగినా ఒప్పుకోకండి.

లఫింగ్‌కు ఇక్కడ ఒక ప్రత్యేక నియమం ఉంది. రాత్రి చేతిని మాన్యువల్ చెప్పిన కోణంలోనే వదలాలి. మరీ నిటారుగా వదిలితే చేతికి గాలి చాలినంత పట్టదు, క్రేన్ తిరగదు, ఎదురుగాలి చేతిని వెనక్కి నెట్టే ప్రమాదం కూడా ఉంది. పొరుగు స్థలం మీదికి రాకూడదని కోణం పెంచేవారు ఆ తగువు నుంచి తప్పించుకుని ఇంకా పెద్ద ఆపదలోకి వెళ్తున్నారు.

ఇక బ్రోచరులో ‘ఏ ఆధారమూ లేకుండా ఇంత ఎత్తు నిలబడుతుంది’ అన్న అంకె ఏ గాలికి లెక్కవేసిందో తప్పక అడగండి. పాత యూరప్ పద్ధతి, ఎఫ్‌ఈఎం 1.001 ప్రకారం పని లేనప్పటి గాలి 20 మీటర్ల ఎత్తు దాకా సెకనుకు 36 మీటర్లు, 20 నుంచి 100 మీటర్ల మధ్య 42, ఆపైన 46. అంటే మధ్య పట్టీలో గంటకు సుమారు 151 కిలోమీటర్లు. ఇప్పుడు మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చూడండి. కర్నూలుకు మూల గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విజయవాడ, నెల్లూరు, విశాఖపట్నాలకు 50. రెండు పద్ధతులూ గాలిని కొలిచే తీరు వేరు కాబట్టి అంకెను అంకెతో నేరుగా పోల్చి తేల్చేయకూడదు. కానీ కర్నూలులో సరిపోయిన ఎత్తు విశాఖలో సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదని మాత్రం ఇవి స్పష్టంగా చెబుతున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు చేరింది. అంటే సెకనుకు 50 మీటర్లు. పటంలోని అంకె కాగితం మీది అంకె కాదని ఆ ఊరికి తెలుసు.

కోస్తా సైటుకు నా సలహా ఇది. క్రేన్ సరఫరాదారు నుంచి ఆ ఊరి గాలికి, మీ మాస్ట్ ఎత్తుకు, మీ చేతి పొడవుకు తయారీదారు సంతకంతో లెక్క తెప్పించుకోండి. చివరి టై పైన మాస్ట్ ఎంత స్వేచ్ఛగా నిలబడవచ్చో అందులో ఉండాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ఎత్తును హద్దు దాకా తీసుకెళ్లకుండా పని క్రమం వేసుకోండి. తుపాను హెచ్చరిక వచ్చాక సెక్షన్లు దించే సమయం దొరకదు.

పునాది, టైలు, లోపలి క్రేన్

హైదరాబాద్‌లో రాయి త్వరగా తగులుతుంది కాబట్టి క్రేన్ పునాది గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కృష్ణా డెల్టా నల్లమట్టిలో మాత్రం పైల్స్ లేకుండా పని జరగదు. పునాదిని కిందికి నొక్కే బరువు ఒక్కటే కాదు, ఒక వైపు నొక్కుతూ మరో వైపు పైకి పీకే వంపు భారం అసలు సమస్య. 2006 నవంబరులో అమెరికాలోని బెల్‌వ్యూలో ఒక టవర్ క్రేన్ కూలి పక్క భవనం మీద పడింది, తన ఇంట్లో ఉన్న ఒక మనిషి చనిపోయాడు. ఆ క్రేన్‌ను మామూలు కాంక్రీటు దిమ్మె మీద కాక, ప్రత్యేకంగా చేయించిన ఉక్కు దూలాల చట్రం మీద నిలబెట్టారు. ఆ చట్రం డిజైనే లోపం. స్థలం చాలక పునాదిని కొత్త పద్ధతిలో వేద్దామని ఎవరైనా అంటే, అది స్ట్రక్చరల్ ఇంజనీరు మళ్లీ మొదటి నుంచి లెక్కవేయాల్సిన పని.

ఎత్తు పెరిగేకొద్దీ మాస్ట్‌ను భవనానికి కాలర్లతో కట్టాలి. కట్టే స్లాబు కాంక్రీటుకు అప్పటికి బలం వచ్చి ఉండాలి, లాగుడును మోసే ఇనుము ముందే వేసి ఉండాలి. కాబట్టి టై ఎక్కడ వస్తుందో క్రేన్ వచ్చాక కాదు, స్ట్రక్చర్ డ్రాయింగులు వేసేటప్పుడే తేలాలి.

ఇంకో దారి, క్రేన్‌ను భవనం లోపలే, లిఫ్టు గుంతలోనో కోర్ గోడల మధ్యో నిలబెట్టడం. భవనంతో పాటే అది పైకి ఎక్కుతుంది. మాస్ట్ పొట్టిదైనా చాలు, చేయి భవనం నడిమధ్య నుంచి నాలుగు వైపులా సమానంగా అందుతుంది కాబట్టి చిన్న చేయి సరిపోతుంది. యాభై అంతస్తులు దాటితే ఈ లాభం బాగా కనిపిస్తుంది. కానీ ఆ గుంతలో లిఫ్టు పని ఆలస్యమవుతుంది, కోర్ గోడలు క్రేన్ భారాన్ని మోయాలి, పని అయ్యాక క్రేన్ భవనం నెత్తిన చిక్కుకుని ఉంటుంది. దాన్ని దించడానికి పైన చిన్న డెరిక్ క్రేన్ కట్టి, ముక్కలు చేసి కిందికి దింపి, ఆ డెరిక్‌ను ఇంకా చిన్నదానితో దించి, చివరి ముక్కలు లిఫ్టులో తేవాలి. నలభై అంతస్తుల లోపు నివాస భవనానికి బయట మాస్టే మేలని నా అభిప్రాయం.

అద్దె మాట్లాడేటప్పుడు

అద్దెలో ఏమేమి కలిసి ఉన్నాయో చూసుకోవాలి. నిలబెట్టడం, ఎత్తు పెంచడం, టైలు, దించడం, రవాణా విడివిడిగా ఉంటాయి. తక్కువ నెల అద్దె చూపి వీటిలో రాబట్టుకునే పద్ధతి ఉంది. పునాదిలో పాతేసే కాళ్లు మళ్లీ వాడలేనివి, అవి ఎవరి ఖర్చో రాయించుకోండి. మోటార్లకు ఇన్వర్టర్ నియంత్రణ ఉంటే బరువు కుదుపు లేకుండా లేస్తుంది, జనరేటర్ కూడా చిన్నది సరిపోతుంది. రెండు వందల మీటర్ల భవనానికి నాలుగు పేటల తాడు వాడాలంటే ఎనిమిది వందల మీటర్లకు పైగా తాడు కావాలి. డ్రమ్ముకు అంత పట్టకపోతే పై అంతస్తులకు వెళ్లేసరికి రెండు పేటలకే పరిమితం అవుతారు, అప్పుడు లోడ్ చార్టు మారుతుంది.

మాస్ట్ సెక్షన్లు పిన్నులతో కలిసేవా, బోల్టులతో కలిసేవా అడగండి. బోల్టులైతే బిగింపును వాయిదాల ప్రకారం టార్క్ రెంచితో సరిచూడాలి, ఆ పని ఎవరిదో ఒప్పందంలో ఉండాలి. విడిభాగాల విషయంలో దగ్గరి తయారీదారుకు విలువ ఇస్తాను. పొటెయిన్‌కు పుణేలో ఫ్యాక్టరీ ఉంది, ఏసీఈ హరియాణాలో తయారుచేస్తోంది. చైనా క్రేన్ తీసుకుంటే హైదరాబాద్‌లో లిమిట్ స్విచ్, బ్రేకు ప్లేటు ఎన్ని రోజుల్లో దొరుకుతాయో ముందే తేల్చుకోండి. బ్రేకు పాడై క్రేన్ వారం ఆగితే ఆదా చేసిన అద్దె అందులోనే పోతుంది.

పరీక్షల కాగితాలు ఫోటోలు కాక అసలువే చూడండి. భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాలు, 1998 ప్రకారం మొదట వాడే ముందు, ఆపైన ఐదేళ్లకోసారి అర్హత గల వ్యక్తి పరీక్షించాలి, ఏడాదికోసారి క్షుణ్ణంగా తనిఖీ చేయాలి. ఆపరేటర్ క్యాబిన్‌లో ఏసీ ఉందో లేదో కూడా చూడండి. మే నెలలో ఆ గాజు గదిలో పూటంతా కూర్చునే మనిషి కళ్ల మీదే కింద పనిచేసే అందరి ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయి. దీన్ని ఐచ్ఛికమంటూ వేరే ధర చెప్పే సరఫరాదారుతో నేనైతే మాట పొడిగించను.

దించే రోజు

టవర్ క్రేన్ పెద్ద ప్రమాదాలు కొన్ని బరువు ఎత్తుతున్నప్పుడు కాదు, క్రేన్ ఎత్తు మారుస్తున్నప్పుడో విప్పుతున్నప్పుడో జరిగాయి. 2008 మార్చి 15న న్యూయార్క్ 51వ వీధిలో ఎత్తు పెంచుతుండగా, మాస్ట్‌కు బిగించాల్సిన ఉక్కు కాలర్‌ను పట్టి ఉంచిన స్లింగులు తెగాయి. కాలర్ జారి కింది కాలర్ మీద పడింది, క్రేన్ ఒరిగిపోయింది. ఏడుగురు చనిపోయారు. 2019 ఏప్రిల్ 27న సియాటిల్‌లో విప్పుతున్నప్పుడు మాస్ట్ సెక్షన్ల పిన్నులను వేళకు ముందే చాలా చోట్ల తీసేశారు. గాలి వీచగానే మాస్ట్ కూలింది, నలుగురు పోయారు. రెండు చోట్లా క్రేన్ ఆకారం తప్పు లేదు, పని క్రమమే తప్పు.

అయినా ఆకారం ఎంచుకునేటప్పుడే ఈ రోజును చూడాలి. బయట మాస్ట్‌ను దించేటప్పుడు క్లైంబింగ్ చట్రం ఒక్కో సెక్షన్‌ను బయటికి తీస్తూ క్రేన్‌ను కిందికి దింపుతుంది. అలా దిగుతున్నంత సేపూ క్రేన్ తిరగకూడదు, చట్రం తెరిచిన వైపుకే చేయి చూస్తూ ఉండాలి. అంటే ముందుచేయి, వెనుకచేయి కలిసి ఎనభై మీటర్ల సరళరేఖ భవనం గోడ పక్కగా పై నుంచి కింది దాకా దిగుతుంది. దారిలో బాల్కనీ, పోర్టికో, పక్క టవర్ మూల, క్లబ్‌హౌస్ కప్పు ఏదీ తగలకూడదు. మాస్ట్ పెట్టేటప్పుడు ఖాళీ మైదానంగా ఉన్న చోటే రెండేళ్ల తర్వాత ల్యాండ్‌స్కేపింగ్, స్విమ్మింగ్ పూల్, ఫైర్ ఇంజిన్ దారి కింద సెల్లార్ స్లాబు వస్తాయి. విప్పిన ముక్కలను అందుకునే మొబైల్ క్రేన్ ఆ స్లాబు మీదే నిలబడాలి.

కాబట్టి సరఫరాదారులు ధరలు ఇచ్చేటప్పుడే ప్రతి ఒక్కరి నుంచీ ఒక డ్రాయింగు అడగండి: భవనం పూర్తయిన రోజున క్రేన్ చేయి ఏ దిక్కుకు ఉంటుంది, మొబైల్ క్రేన్ ఎక్కడ నిలబడుతుంది, దాని కాళ్ల కింద స్లాబు ఎంత మోస్తుంది. హ్యామర్‌హెడ్ అయితే ఆ అరవై మీటర్ల చేతిని పెట్టడానికి నేల ఎక్కడో కూడా అందులో గీయాలి. ఆ డ్రాయింగు మీద మీ స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పడేదాకా క్రేన్ పునాది గుంతకు మార్కింగ్ వేయనివ్వకండి.